సెర్చ్‌లో సగం పేర్లు దొరకడం లేదు: గీతలు, చుక్కలు ఉన్న రోమన్ అక్షరాల సమస్య

చిక్కడపల్లి ప్రూఫ్‌రీడర్

నమస్కారం. శాసనాల మీద ఒక ఇంగ్లిష్ పుస్తకానికి పేర్ల సూచిక తయారు చేస్తున్నాను. రచయితలు ఇద్దరు. పేర్లన్నీ రోమన్ లిపిలో, దీర్ఘానికి పైన అడ్డగీత, ణకారానికి కింద చుక్క పెట్టి రాశారు. నారాయణ అని వెతికితే మొదటి రచయిత అధ్యాయాల్లోనే దొరుకుతోంది. రెండో ఆయన అధ్యాయాల్లో పేరు కళ్లెదురుగా ఉన్నా లేదంటోంది. సూచికలో ఒకే పేరు రెండుసార్లు వస్తోంది. పైగా ఆత్మకూరు, ఆదోని లాంటివన్నీ జెడ్ తర్వాత పడ్డాయి. ఫాంట్ మార్చినా తేడా లేదు. సోమవారం ప్రెస్‌కి ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

నారాయణగూడ డీటీపీ

ఫాంట్ జోలికి వెళ్లకండి, తప్పు అక్కడ లేదు. ఫైల్‌లో ఉండేవి అంకెలు. అడ్డగీత ఉన్న ఇంగ్లిష్ ‘ఎ’ని యూనికోడ్‌లో, అంటే అన్ని లిపుల అక్షరాలకూ సంఖ్యలిచ్చే పట్టికలో, రెండు రకాలుగా రాయొచ్చు: 257 అనే ఒకే సంఖ్యగా, లేదా మామూలు ‘ఎ’ 97, దాని వెంట గీత 772. తెరమీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. అంకెల్ని మాత్రమే పోల్చే సెర్చ్‌కి అవి వేరు. మీ ఇద్దరు రచయితల కీబోర్డులు చెరో దారి పట్టాయి.

రెండు దారులూ కావాలనే ఉంచారు. 1963 నాటి ఆస్కీ అనే పాత అక్షరాల పట్టికలో ఉన్నవి 128 గళ్లే, గీతలున్న అక్షరాలకు చోటే లేదు. తర్వాత వచ్చిన లాటిన్-1 పట్టికలో ఫ్రెంచివాళ్ల ఏటవాలు గీత ‘ఇ’కి 233 ఇచ్చారు. అలాంటి తయారు అక్షరాలను యూనికోడ్ అలాగే తీసుకుంది. కానీ ఏ అక్షరానికి ఏ గుర్తయినా తగిలించే వీలు కూడా కావాలి కదా, అందుకే విడి గుర్తులు. మన దీర్ఘానికీ, ణకారానికీ లాటిన్-1లో చోటు లేదు. సంస్కృత పండితులు వేరే అక్షరాల గళ్లలో తమ గుర్తులు పెట్టుకుని సొంత ఫాంట్లు చేయించుకునేవాళ్లు. మా పాత తెలుగు డీటీపీ ఫాంట్లదీ అదే పద్ధతి. ఫాంట్ లేని కంప్యూటర్లో పేజీ అంతా పిచ్చి గీతలే. ఆ రోజులు చూసినవాణ్ణి కాబట్టి చెప్తున్నా, యూనికోడ్ మనకు చాలా పెద్ద మేలు.

ఇక పరిష్కారం. టెక్స్ట్ మొత్తాన్ని ఎన్‌ఎఫ్‌సీ అనే ఒకే రూపానికి మార్చండి. అక్షరం, గుర్తు విడిగా ఉంటే, వాటికి ఒకే సంఖ్య ఉన్నచోట అది కలిపేస్తుంది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో యూనికోడ్‌డేటా మాడ్యూల్‌తో ఒక్క లైన్ పని. ఫైండ్-రీప్లేస్‌తో ఒక్కో అక్షరం మార్చాలని చూడకండి. ‘పితౄణాం’లోని ౠకారానికి కింద చుక్క, పైన గీత రెండూ ఉంటాయి. ఎవరు ఏది ముందు కొట్టారో మీకు తెలియదు. ఎన్‌ఎఫ్‌సీ ఆ వరసను కూడా సరిచేస్తుంది.

జెడ్ సంగతి వేరు. పెద్ద జెడ్ సంఖ్య 90, గీత ఉన్న పెద్ద ‘ఎ’ 256. అంకెల వరసలో పేర్చితే అది చివరికే పోతుంది. యూనికోడ్ కొలేషన్ అనే అక్షరక్రమం నియమాలు పాటించే సార్టింగ్ వాడండి. అది ముందు మూల అక్షరాన్ని చూసి, గుర్తుల్ని తర్వాత చూస్తుంది.

లైబ్రరీ కేటలాగ్ పని

తెలుగు లిపిలోనూ ఇది ఉంది. ఐత్వానికి ఒకే సంఖ్య 3144 ఉంది, ఎత్వం 3142 పక్కన ఐత్వపు విడి గుర్తు 3158 పెట్టినా అదే ఐత్వం. ‘మైసూరు’ రెండు రకాలుగా ఎక్కితే ఒకే పుస్తకానికి రెండు ఎంట్రీలు పడతాయి. పాఠకులు పుస్తకం లేదనుకుని వెళ్లిపోతారు. అందుకే కొత్త రికార్డు ఏదైనా ఎన్‌ఎఫ్‌సీ చేశాకే చేర్చాలి.

చిక్కడపల్లి ప్రూఫ్‌రీడర్

చేశానండీ, నారాయణ అన్ని అధ్యాయాల్లోనూ దొరికింది. చాలా థాంక్స్. ఎన్‌ఎఫ్‌కేసీ అని ఇంకో ఆప్షన్ కనిపించింది. అది ఇంకా శుభ్రం చేస్తుందా?

నారాయణగూడ డీటీపీ

దాన్ని ముట్టుకోకండి. అది పైన ఉండే చిన్న అంకెల్ని మామూలు అంకెలుగా మార్చేస్తుంది. శక సంవత్సరం 1084 పక్కన ఫుట్‌నోట్ గుర్తుగా యూనికోడ్ చిన్న 2 ఉంటే, అది 10842 అయిపోతుంది. శాసనాల పుస్తకంలో అలాంటిది ప్రూఫులో పట్టుకోవడం చాలా కష్టం.