చంకలో ఒకరు, చేతిలో ఒకరు: మెట్రో, బస్సు, టాక్సీల్లో ఒక్కరే తిప్పాలంటే ఎలా?

ప్రశ్న:
వచ్చే నెల నాలుగు రోజులు ఓ పెద్ద నగరంలో ఉండాలి. పాపకి 4 ఏళ్లు, బాబుకి 10 నెలలు. పగలు ఇద్దర్నీ నేనొక్కదాన్నే వెంటబెట్టుకుని తిరగాలి. మెట్రో, బస్సు, టాక్సీ మూడూ ఎక్కాల్సొస్తుంది. స్ట్రోలర్ (పిల్లల్ని కూర్చోబెట్టి తోసే బండి) తీసుకెళ్లమంటారా, బాబుని ఒంటికి కట్టుకునే క్యారియర్‌లో వేసుకుంటే చాలా? మెట్రో డోర్ దగ్గర ఇద్దర్నీ పట్టుకుని ఎక్కడం, దిగడం తలుచుకుంటేనే కంగారుగా ఉంది. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పరూ?

జవాబు:
రెండూ తీసుకెళ్లండి. చదునైన దారిలో ఎక్కువసేపు నడవాల్సినచోట స్ట్రోలర్, మెట్లూ రద్దీ ఉన్నచోట క్యారియర్. ఒక్కటే అంటే మాత్రం క్యారియరే నయం. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, పాప చెయ్యి వదలక్కర్లేదు. కాకపోతే 10 నెలల పిల్లాణ్ని రోజంతా మోస్తే సాయంత్రానికి నడుం పట్టేస్తుంది.

ఈ ప్రయాణానికి ఏ స్ట్రోలర్ పడితే అది పనికిరాదు. 7 కిలోల లోపుండాలి, ఒంటిచేత్తో మడవగలగాలి, భుజాల మీదుగా, నడుం పక్కల నుంచి, కాళ్ల మధ్య నుంచి వచ్చే అయిదు పట్టీల బెల్టుండాలి. బయల్దేరే ముందు ఇంట్లోనే ఓసారి బాబుని ఎడమ చంకనేసుకుని, కుడిచేత్తో స్ట్రోలర్ మడిచి, ఎత్తి, నాలుగు మెట్లెక్కి చూడండి. అలా కుదరలేదంటే ఎంత ఖరీదు పెట్టి కొన్నదైనా ఇంట్లో వదిలేయండి.

దారి ఎంచుకునేటప్పుడు దూరం కాదు, ఎన్నిసార్లు ఎక్కి దిగాలో చూడండి. పిల్లలతో ఇబ్బందంతా ఎక్కేచోట, దిగేచోట, మారేచోటే. సీట్లో కూర్చున్నాక పెద్దగా ఏమీ ఉండదు. రెండుసార్లు మారి 25 నిమిషాల్లో చేరే దారికన్నా ఒకే రైల్లో 40 నిమిషాలు పట్టే దారి మీకు మేలు. మ్యాప్ చూపించే నడక సమయం పెద్దవాళ్ల నడకది. పాపతో అయితే దానికి రెట్టింపు వేసుకోండి.

స్ట్రోలర్ హ్యాండిల్‌కి బ్యాగులు తగిలించొద్దు. బాబు కూర్చున్నంతసేపూ ముందువైపు బరువుంటుంది కాబట్టి తేడా తెలీదు. బాబుని ఎత్తుకున్న మరుక్షణం బండి వెనక్కి పడిపోతుంది. ఫుట్‌పాత్ అంచు ఎక్కించడానికి హ్యాండిల్ నొక్కినప్పుడు బాబుతో సహా తిరగబడనూవచ్చు. బరువంతా సీటు కింది బుట్టలోనే పెట్టండి. ఎండ పడుతోందని పైన గుడ్డ కప్పేయడం కూడా వద్దండీ. పల్చటిదైనా సరే, గాలి ఆడక లోపల వేడి త్వరగా పెరిగిపోతుంది, బాబు మొహమూ మీకు కనపడదు.

పాప కోసం స్ట్రోలర్ పక్క కడ్డీకి రంగు రిబ్బన్ ఒకటి ముడి వేయండి. రద్దీలో "జాగ్రత్తగా రా" అంటే 4 ఏళ్ల పిల్లకి ఏం చెయ్యాలో తోచదు. "రిబ్బన్ పట్టుకో" అంటే వెంటనే పట్టుకుంటుంది. బళ్లు తిరిగే వైపు కాకుండా లోపలి వైపు కట్టండి.

మరొకరి జవాబు:
క్యారియర్ గురించి కొంచెం చేర్చాలి. మెడలోనూ భుజంలోనూ నొప్పి వస్తోందంటే చాలావరకు వదులుగా కట్టడం వల్లే. నడుం పట్టీ తుంటి ఎముకల మీద బిగుతుగా కూర్చోవాలి, బరువు అక్కడికి దిగాలి. భుజం పట్టీలు బాబుని మీ ఛాతీకి అదిమి ఉంచడానికి. తల వంచితే బాబు నుదుటికి ముద్దు పెట్టగలిగేంత ఎత్తులో ఉండాలి. మోకాళ్లు పిర్రలకన్నా పైకి ఉండి, తొడల కింద గుడ్డ మోకాలి మడత దాకా రావాలి. గడ్డం ఛాతీకి ఆనకూడదు, రెండు వేళ్లు పట్టేంత సందుండాలి. నిద్రపోయాక తల ముందుకి వాలిపోతుంది, అప్పుడు మళ్లీ చూసుకోండి. మరీ పసివాళ్లకి అక్కడే ఊపిరి ఆడకుండా పోతుంది, 10 నెలలకి ఆ ప్రమాదం తగ్గినా ఓ కన్నేసి ఉంచడం అవసరమే.

కిందపడిన వస్తువు తీసుకోవాలంటే నడుం వంచకండి. బాబు వీపుకి ఒక చెయ్యి ఆన్చి, మోకాళ్లు మడిచి కూర్చుని లేవండి.

మెట్రో గురించి, మరొకరు:
ముందు స్టేషన్ మ్యాపులో లిఫ్ట్ ఏ గేటు దగ్గరుందో చూసుకోండి. చాలా స్టేషన్లలో అన్ని గేట్లకీ లిఫ్ట్ ఉండదు. తప్పు గేటుకి వెళ్తే రోడ్డు దాటి మళ్లీ నడవాలి.

స్ట్రోలర్‌తో ఎస్కలేటర్ ఎక్కొద్దు. ఎస్కలేటర్ మెట్టు లోతు సుమారు 40 సెంటీమీటర్లు, స్ట్రోలర్ ముందు వెనక చక్రాల మధ్య దూరం అంతకన్నా ఎక్కువ. రెండు మెట్ల మీద ఏటవాలుగా నిలబడుతుంది, భారమంతా మీ మణికట్ల మీదే. చివర్లో పళ్లలాంటి ప్లేటు దగ్గర ముందు చక్రం తట్టుకుంటే బండి ఆగుతుంది, మెట్లు ఆగవు, వెనకవాళ్లొచ్చి మీ మీద పడతారు. లిఫ్ట్ పనిచేయకపోతే బాబుని క్యారియర్‌లోకి మార్చి, స్ట్రోలర్ మడిచి, మామూలు మెట్లు ఎక్కండి.

స్ట్రోలర్ లేకుండా పాపతో ఎస్కలేటర్ ఎక్కితే, మెట్టు మధ్యలో నిలబెట్టండి. మెత్తటి రబ్బరు చెప్పుల అంచు పక్క గోడకీ మెట్టుకీ మధ్య సందులోకి లాక్కుపోతుంది, వేళ్లు నలిగేది ఇలాగే. లేసులు ముడేసి ఉన్నాయో లేదో చూడండి. ఎస్కలేటర్ పైచివర, కిందిచివర ఎర్ర బటన్ ఉంటుంది, ఏదైనా ఇరుక్కుంటే అది నొక్కాలి. ఎక్కేముందే అదెక్కడుందో ఓ చూపు చూసుకోండి.

ప్లాట్‌ఫారం మీద చెయ్యి తీసే ప్రతిసారీ బ్రేక్ వేయండి. స్ట్రోలర్ పట్టాలకేసి చూస్తూ కాకుండా పట్టాల వెంబడి ఉండాలి. చదునుగా కనిపించే ప్లాట్‌ఫారానికీ కాస్త వాలు ఉండొచ్చు, బండి దానంతటదే దొర్లుతుంది.

ఎక్కేటప్పుడు దిగేవాళ్లని పూర్తిగా దిగనివ్వండి. డోరుకి ఎదురుగా నిటారుగా వెళ్లండి. ఏటవాలుగా వెళ్తే అటూ ఇటూ తిరిగే ముందరి చక్రం పక్కకి మళ్లి సందులోకి దిగిపోతుంది. హ్యాండిల్ నొక్కి ముందు చక్రాలు లేపి లోపల పెట్టండి, తర్వాత వెనకవి నెట్టండి. పాప రిబ్బన్ పట్టుకుని మీ పక్కనే అడుగు వెయ్యాలి, ముందూ కాదు, వెనకా కాదు. దిగేటప్పుడు రైలు నేల ప్లాట్‌ఫారానికి సమంగా ఉంటే నేరుగా దిగండి. రైలే ఎత్తుగా ఉంటే వెనక్కి తిరిగి వెనక చక్రాలు ముందుగా దింపాలి.

డోరు మూసే శబ్దం మొదలైతే ఆ రైలు వదిలేయండి. స్ట్రోలర్ అడ్డం పెడితే డోరు ఆగుతుందనుకోవద్దు. చక్రం, పట్టీ లాంటి సన్నటివాటిని డోరు సెన్సర్ పట్టకపోవచ్చు. లోపలికెళ్లాక పాప చేతులు డోరుకి ఆన్చి నిలబడనివ్వొద్దు. డోరు గోడలోకి జరుగుతూ తెరుచుకునేటప్పుడు వేళ్లని కూడా ఆ సందులోకి లాగేస్తుంది.

బస్సులో మాత్రం స్ట్రోలర్ మడిచేయడమే మార్గం.

అడిగినవారు:
చాలా థాంక్సండీ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఒకవేళ పాప రైల్లో ఉండిపోయి నేను బయట ఉండిపోతే? ఇంకోటి, టాక్సీలో బాబుని ఒళ్లో కూర్చోబెట్టుకుని నా బెల్టే ఇద్దరికీ కలిపి పెట్టుకోవచ్చా?

జవాబు:
రెండోదానికి ముందు చెప్తాను: వద్దు, ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఒకే బెల్టు ఇద్దరికీ చుడితే గుద్దుకున్నప్పుడు మీ ఒంటి బరువంతా బాబుని బెల్టుకేసి నలిపేస్తుంది. బెల్టు లేకుండా ఒళ్లో పట్టుకుంటే ఆపలేరు. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో వెళ్తున్న కారు అర మీటరు దూరంలో ఆగిపోయిందనుకోండి, 10 కిలోల బిడ్డని పట్టి ఉంచడానికి దాదాపు 200 కిలోల బరువు ఆపేంత బలం కావాలి. క్యారియర్‌లో కట్టుకుని కూర్చున్నా అంతే, అది మోయడానికే కానీ గుద్దుడు తట్టుకోవడానికి కాదు.

10 నెలలంటే వెనక్కి చూసే కార్ సీటు. మోసుకెళ్లే హ్యాండిల్ ఉన్న రకాల్లో చాలావాటిని బేస్ (కారులోనే బిగించి ఉంచే అడుగుభాగం) లేకుండా కారు బెల్టుతోనే బిగించొచ్చు, టాక్సీలకి అది వీలు. బాబు ఇంకా అందులో పడతాడో లేదో లేబుల్ మీది బరువు, పొడవు చూసి తేల్చుకోండి. నడినెత్తికి పైన సీటు అంచు కనీసం 2.5 సెంటీమీటర్లు మిగలాలి. బిగించాక బెల్టు వెళ్లే చోట పట్టుకుని ఊపితే ఏ వైపుకీ 2.5 సెంటీమీటర్లకి మించి కదలకూడదు. భుజం పట్టీలు బాబు భుజాల ఎత్తులోనో కాస్త కిందనో సీటులోంచి రావాలి. భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో గిల్లి చూడండి, మడత చేతికి వస్తే ఇంకా వదులన్నమాట. దళసరి కోటు వేసి బిగించకండి, కోటు అణిగిపోతే పట్టీ వదులే. ముందు సీటుకి ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తుంటే అక్కడ వెనక్కి చూసే సీటు పెట్టనే కూడదు.

పాపకి అయిదు పట్టీల సీటు పడుతున్నంతకాలం అదే మంచిది. బూస్టర్ (కారు బెల్టు సరిగ్గా పడేలా పిల్లని ఎత్తులో కూర్చోబెట్టే సీటు) అయితే కనీసం 4 ఏళ్లు, 18 కిలోలు దాటి, దారంతా కదలకుండా నిటారుగా కూర్చునే పిల్లకే. సీట్లు దొరక్కపోతే టాక్సీ మానేసి మెట్రోలో వెళ్లండి, గంట ఆలస్యమైనా సరే.

టాక్సీ దిగే వరస కూడా ముందే అనుకోవాలి. ఫుట్‌పాత్ వైపే దిగండి. బాబు సీట్లో ఉండగానే, వెనక డోరు బార్లా తెరిచి పెట్టి, పాపని మీ పక్కన నిలబెట్టుకుని, డిక్కీలోంచి స్ట్రోలర్ తీసి బ్రేక్ వేయండి. ఆ తర్వాతే బాబు. డోరు మూసి డిక్కీ దగ్గరకెళ్తే, అందరూ దిగారనుకుని డ్రైవర్ బండి కదిపే ప్రమాదం ఉంది.

ఇక విడిపోవడం. పాపకి రెండే మాటలు నేర్పండి. "రైల్లో నువ్వుంటే తర్వాతి స్టేషన్లో దిగి అక్కడే నిలబడు. ప్లాట్‌ఫారం మీద నువ్వుంటే కదలకు, అమ్మే వస్తుంది." మీరు వెంటనే స్టేషన్ సిబ్బందికి చెప్పండి, తర్వాతి రైలెక్కి వెళ్లండి. ఇంట్లో గుమ్మాన్ని డోరు చేసి ఆటలా నాలుగైదుసార్లు ఆడించండి, నోటితో చెప్తే గుర్తుండదు. మీ ఫోన్ నంబర్ పాప ముంజేతి లోపలివైపు బాల్‌పెన్‌తో రాసి, పైన పారదర్శకంగా ఉండే ప్లాస్టర్ అంటించండి, చెమటకి చెరగదు. పేరు మాత్రం పైకి కనిపించేలా రాయొద్దు, పేరుపెట్టి పిలిచేవాళ్లని పిల్లలు నమ్మేస్తారు. రోజూ బయల్దేరేముందు ఇద్దరికీ నిలువెత్తు ఫొటో ఒకటి తీసుకోండి. కంగారులో పాప ఏ రంగు గౌను వేసుకుందో చప్పున గుర్తురాదు.

మరొకరి జవాబు:
పైన బస్సు గురించి చెప్పినదానికి సవరణ. చక్రాల కుర్చీకి కేటాయించిన ఖాళీ ఉన్న బస్సుల్లో స్ట్రోలర్ మడవకుండా పెట్టనిచ్చే చోట్లున్నాయి. అక్కడ వీపు ఆనే మెత్తటి పలక ఉంటుంది. బాబు బస్సు వెనక్కి చూసేలా, స్ట్రోలర్ హ్యాండిల్ వైపు ఆ పలకకి ఆనించి బ్రేక్ వేయండి. సడన్‌గా బ్రేకేస్తే బాబు సీటులోకే ఒదుగుతాడు, పట్టీల మీదకి తూలడు. చక్రాల కుర్చీ వస్తే మాత్రం చోటు వాళ్లది, అప్పుడు మడవాల్సిందే. అందుకే బుట్టలో విడి సామాన్లు కుక్కకండి, ఒకే సంచిలో ఉంటే ఒక్క లాగుతో వచ్చేస్తుంది.

బ్యాగు లెక్క: బయటుండే ప్రతి 2 గంటలకీ ఒక డైపర్, పైన మరో రెండు. పిల్లలిద్దరికీ ఒక్కో జత బట్టలు జిప్ కవర్లలో విడివిడిగా, ఖాళీ అయిన కవర్‌లో తడిబట్టలు వేయొచ్చు. మీకూ ఒక పైచొక్కా, అందరూ మర్చిపోయేది అదే. పిండిన తల్లిపాలు 25 డిగ్రీల లోపు 4 గంటలు, ఐస్ ప్యాకులున్న సంచిలో 24 గంటలు ఉంటాయి. కలిపిన డబ్బాపాలు 2 గంటల్లో వాడేయాలి, బాబు నోరు పెడితే గంటలో. మిగిలినవి పారబోయండి, ఎన్ని మిగిలినా సరే.

అడిగినవారు:
చివరగా ఒకటండీ. పాపకి కారులో కడుపులో తిప్పుతుంది. బాబుకి ఏమీ అవ్వదు.

జవాబు:
అది వయసుని బట్టి వచ్చేదే. 2 ఏళ్ల లోపు అరుదు, 2 నుంచి 12 ఏళ్ల మధ్య ఎక్కువ. లోపలి చెవి "కదులుతున్నాం" అంటుంది, ఫోనో పుస్తకమో చూస్తున్న కళ్లు "కదలట్లేదు" అంటాయి. ఆ తేడాకే తిప్పుతుంది. ఫోన్ ఇవ్వకుండా దూరంగా ఉన్నవి చూపించండి, కిటికీ కాస్త దించండి. ఖాళీ కడుపూ వద్దు, నిండు కడుపూ వద్దు, బయల్దేరే గంట ముందు కొంచెం తింటే చాలు. వాంతి మందు డాక్టర్‌ని అడగకుండా వేయకండి, కొన్ని 2 ఏళ్ల లోపు పిల్లలకి అసలు ఇవ్వకూడనివి.

ఆవలింతలు, నోట్లో నీళ్లూరడం, మాటలాపేసి మొహం పాలిపోవడం ముందస్తు గుర్తులు, అప్పుడే బండి ఆపించండి. కార్ సీటు పట్టీల మీద వాంతి పడితే నీళ్లలో నానబెట్టడం, బ్లీచ్ పెట్టడం చెయ్యొద్దు, పట్టీ బలం తగ్గుతుంది. తడిగుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టండి. బకిల్‌లోకి వెళ్తే మామూలు నీళ్లతో కడిగి, ఆరాక "టక్"మని పడుతోందో లేదో పదిసార్లు నొక్కి చూశాకే పాపని కూర్చోబెట్టండి.