సమస్య: తప్పులేని కవిత తప్పు గాదె

నిర్వాహకుడు: మొన్న ఒక మిత్రుడు ఫోన్ చేసి, "సగం రాసిన పద్యాలు డైరీ నిండా ఉన్నాయి సామీ, ఒక్కటీ బయటపెట్టే ధైర్యం లేదు" అన్నాడు. ఆ మాటలోంచి పుట్టిన పాదం ఇది. ఇదే చివరి పాదంగా, పై మూడు పాదాలూ రాసి ఆటవెలది పూరించండి. టెన్షన్ పడకండి.

తప్పులేని కవిత తప్పు గాదె

బురుజు నీడ (కర్నూలు):

కొట్టివేసి వేసి కూర్పు మానినవాని
ఖాళి పుటకు లేదు కలము తప్పు
వ్రాయకుండ మిగిలి వన్నెకెక్కినయట్టి
తప్పులేని కవిత తప్పు గాదె!

పెన్న ఒడ్డు (ప్రొద్దుటూరు): వ్రాయకుండా మిగిలినదే నిర్దోషం! ఈ విరుపు బాగుందన్నా, ఒప్పుకోక తప్పదు. కానీ ఆ "ఖాళి" ఏంది? ఖాళీకి దీర్ఘం ఎగరగొట్టి మరీ ఖాళీ చేశారే. ఇంకొకరు రాసుంటే మీరు వదిలేవారా?

బురుజు నీడ: "తెల్ల పుట" అని పెట్టొచ్చు, కానీ "కలము"తో కలవాల్సిన యతి, అదే మొదటి అక్షరాల జత, పోతుంది. యతి కోసం దీర్ఘం వదులుకున్నా. నువ్వు ఉగాదికి పెట్టిన కందంలో ఆరో గణంగా భగణం వేశావు, అది దేనికోసం వదులుకున్నావో చెప్పు.

పెన్న ఒడ్డు: మళ్లీ ఆ కందమేనా! నియమం ప్రకారం అక్కడ నలమో జగణమో రావాలని నాకూ తెలుసు. నేను పండగపూటే పెట్టా. మీరు దిద్దుతూ దిద్దుతూ మీ పద్యాన్ని ఎండాకాలందాకా లాగారు. సరే, నా పూరణ చూడండి.

ప్రూఫు చూచువాడు పొలము పనుల బోవ
కూర్చె నక్షరాలు కొత్తవాడు
పత్రికందు వెదుక బ్రహ్మకున్ నేడచ్చు
తప్పులేని కవిత తప్పు గాదె!

నిర్వాహకుడు: అచ్చు / తప్పు! పాదం చివర "అచ్చు" పెట్టి సమస్య మెడ విరిచావు. రెండో "తప్పు" కూడా దోషం కాదు, దొరక్కుండా తప్పిపోవడం. పాదం ఇచ్చినప్పుడు నాకు ఈ దారి తోచనే లేదు.

బురుజు నీడ: చమత్కారం సరే. "పత్రికందు" ఏంది? "పత్రికయందు" కదా?

పెన్న ఒడ్డు: అత్వసంధి బహుళం, చేయొచ్చు మానొచ్చు. ఇంకేమన్నా ఉందా?

దేవుని గడప (కడప): అచ్చు లేని రోజుల్లో ఆ తప్పులు లేఖకులు చేసేవాళ్లు లెండి. మా ఊళ్లో బ్రౌన్ దొర తన బంగళాలో పండితుల్ని పెట్టి, తాళపత్రాలు ఒకదానితో ఒకటి పోల్చి శుద్ధప్రతులు రాయించింది అందుకేగా. వేమన పద్యాలు 1829లో అచ్చువేశాడు, అవీ ఎక్కువగా ఆటవెలదులే. ఊరూరా నోటికొకరకంగా పాడుకున్న పద్యాలవి. ఏది అసలు పాఠమో తేల్చలేక జనం పాడటం మానుకున్నారా?

ఉగ్గాని బజ్జి (అనంతపురం): అందరికీ నమస్కారం. ఇక్కడ నాకిదే మొదటి పద్యం. బస్టాండులో కూర్చుని రాశాను.

లెక్క తేలనట్టి లేపాక్షి మండపం
కప్పు లేకనే నిలిచె కనుల విందు
పూర్తి చేసియుంటె పోయి చూతురె వింత
తప్పులేని కవిత తప్పు గాదె!

బురుజు నీడ: రెండో పాదంలో "నే" ఎక్కువైంది తల్లీ. "కప్పు లేక నిలిచె" చాలు. "మండపం" బదులు గ్రాంథికంగా ఏదైనా చూడు. ఇంకొకటి, లేపాక్షి 2022లోనే శ్రీసత్యసాయి జిల్లాకి పోయింది.

ఉగ్గాని బజ్జి: జిల్లా పోతే లేపాక్షి పోతుందా అన్నా! "నే" తీస్తే గణం కుదురుతుందని మా నాయన కూడా చెప్పాడు. నేను చదివేటప్పుడు ఊపంతా అక్కడే వస్తోంది, ఉండనీండి.

పెన్న ఒడ్డు: ఉండనీక్కా. "లెక్క తేలనట్టి" దగ్గరే నేను పడిపోయా. ఖజానా సొమ్ము గుడికి ఖర్చుపెట్టాడని విజయనగర కోశాధికారి విరూపణ్ణ మీద నింద పడటం, ఆయన తన కళ్లు తానే పీకి గోడకు కొట్టడం, కల్యాణ మండపం సగంలో ఆగడం, స్థలపురాణమంతా మూడు మాటల్లో వచ్చేసింది. ఆ వెంటనే "కనుల విందు" అన్నావే, అది తెలిసే పెట్టావా?

ఉగ్గాని బజ్జి: లేదు. మీరు చెప్పాకే చూసుకున్నా. భయమేసింది.

దేవుని గడప: తెలిసి పెట్టినా అంత బాగా కుదరదమ్మా. మా బద్వేలు దగ్గర గోపవరం మొల్ల కూడా ఛందస్సు, వ్యాకరణం నేర్వలేదని చెప్పుకునే రామాయణం రాసింది.

బురుజు నీడ: ఆ చెప్పుకోవడం కూడా ఛందస్సులోనే చెప్పింది స్వామీ. అది వినయం. దాన్ని అడ్డం పెట్టుకుని "నే"లు మిగిల్చుకోవద్దు. అయినా మూడో పాదం బాగుంది. ఆ ప్రశ్న నాకు తట్టలేదు.

పెన్న ఒడ్డు: బురుజన్న నోట "బాగుంది" వచ్చింది, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో అక్కా.

నిర్వాహకుడు: ఇంక చాలు. ఈ వారం మెచ్చుకోలు పెన్న ఒడ్డుకి. ఉగ్గాని అక్క పద్యం "నే"తో సహా అలాగే ఉంటుంది. వచ్చే వారం ఏ ఛందం కావాలి?

బురుజు నీడ: కందం ఇవ్వండి. ఒకాయన ఆరో గణం చూసుకోవాల్సిన పని మిగిలిపోయింది.

పెన్న ఒడ్డు: ఇవ్వండి సామీ. కాకపోతే గడువు పెట్టండి, లేకుంటే అన్న పూరణ వచ్చే ఉగాదికి అందుతుంది.