హారాన్ని చూసి, ఎన్ని అంకెలు తిరిగి వస్తాయో చెప్పవచ్చా?

నమస్కారం. ఏడవ తరగతి చదువుతున్న మా అమ్మాయికి భిన్నాలను దశాంశాలుగా మార్చడం నేర్పుతున్నాను. సూక్ష్మరూపంలో ఉన్న భిన్నం హారానికి 2, 5 తప్ప వేరే ప్రధాన కారణాంకాలు లేకపోతే భాగహారం ముగుస్తుందని, 3/8 అందుకే 0.375 దగ్గర ఆగుతుందని తనకు అర్థమైంది.

నిన్న 1ని 7తో భాగిస్తుండగా శేషాలు వరుసగా 3, 2, 6, 4, 5 వచ్చి, ఆరోసారి మళ్లీ 1 రాగానే పెన్సిల్ ఆపి, "ఇక మొదటి నుంచీ ఇవే అంకెలు వస్తాయి కదా నాన్నా" అని, 142857 మీద తానే గీత గీసింది. నాకెంతో సంతోషం కలిగింది.

సున్నా కాని శేషాలు ఆరే కనుక ఆరు అంకెలకు మించి రావని చెప్పాను. అదే లెక్కన 13కు పన్నెండు అంకెలు వస్తాయనుకుంటే, 076923 అని ఆరింటికే తిరిగి వచ్చింది. 11కు రెండే, 17కు మాత్రం పూర్తిగా పదహారు.

9, 99, 999 అనే వరుసలో హారంతో నిశ్శేషంగా భాగింపబడే మొదటి సంఖ్యలో ఎన్ని తొమ్మిదులుంటే అన్ని అంకెలు తిరిగి వస్తున్నట్లు గమనించాను: 11కు 99, 13కు 999999. ఇది ఎందుకు నిజమవుతుందో పన్నెండేళ్ల పిల్లకు అర్థమయ్యేలా ఎలా చెప్పాలో, భాగహారమంతా చేయకుండా ఆ సంఖ్యను కనుక్కునే దగ్గరి దారి ఏదైనా ఉందో, తెలిసినవారు దయచేసి వివరించగలరు.