ఈ వారం సమస్యాపూరణం: పచ్చనైన మొక్కఁ బట్టి యేడ్చె

పానగల్లు పంతులు (నిర్వహణ)

మిత్రులారా, ఈ వారం సమస్య ఇది. ఆటవెలది పద్యానికి నాలుగో పాదం, ముందు మూడు పాదాలు మీరు కట్టాలి:

*పచ్చనైన మొక్కఁ బట్టి యేడ్చె*

మొక్క పచ్చగుంటే మురవాలి గాని ఏడవడమేంది? చిక్కంతా అక్కడే ఉంది. పచ్చల సోమేశ్వరుడు కొలువున్న ఊరివాణ్ణి, పచ్చదనం చూసి ఏడ్చేవాళ్ళుంటారంటే నాకే వింత. నర్సరీలో ఒకామె తన మనీప్లాంటుకు తెల్ల చారలు పోయినయని తగువు పెట్టుకుంటుంటే విన్నాను. సమస్య అట్ల పుట్టింది.

షరతు ఒక్కటే. ఏడుపుకు హేతువు పద్యంలోనే కనపడాలి. పద్యం కింద వచనంలో వివరణ రాసి సర్దుకుంటానంటే కుదరదు. గణాలు (పాదంలోని అక్షరాల గుంపులు), యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కలవడం) సంగతి చెప్పేదేముంది.

పాలమూరు పూదోట

*తెల్ల చార లున్న తీగనుఁ గొని తెచ్చి*
*చీకటింటి మూలఁ జేర్చినంత*
*మచ్చ లన్ని పోయి మారెను పచ్చగా*
*పచ్చనైన మొక్కఁ బట్టి యేడ్చె*

పానగల్లు పంతులు

మొదటి రెండు పాదాల ధార బాగుంది. తె-తీ, చీ-జే యతులు నిక్కచ్చిగా కుదిరాయి. మూడో పాదంలోనే కాలు జారింది. 'పచ్చగా' అని అక్కడ చెప్పేశాక మళ్ళీ 'పచ్చనైన' అంటే పునరుక్తి. పైగా మొదట చారలన్నారు, ఇక్కడికి వచ్చేసరికి అవి మచ్చలయ్యాయి. ఇట్లా మార్చుకుంటే రెండూ తీరిపోతాయి:

*చార లన్ని పోయి చప్పగా నగుపించ*

ఏడ్చినదెవరో ఇంకా తెలియదు. అది మీకే వదిలేస్తున్నా.

మిద్దెతోట

పంతులుగారూ, ఛందస్సు మీరు చూశారు, మొక్క సంగతి నేను చూస్తా. పూదోట చెల్లె చెప్పిన చీకటి మూల నిజమే గాని అది సగమే. నీడలో పెట్టిన మనీప్లాంటుకు కొత్త ఆకులు పచ్చగా వస్తాయి, ఎందుకంటే ఉన్న కాస్త వెలుతురుతో బతకాలంటే దానికి పత్రహరితం ఎక్కువ కావాలి. దాన్ని కిటికీ దగ్గరికి జరిపితే ఆ తర్వాత వచ్చే ఆకుల్లో చారలు మళ్ళీ తేలుతాయి. పచ్చబడ్డ పాత ఆకులు మాత్రం అట్లనే ఉంటాయి. అట్లని మన దిక్కు ఎండాకాలంలో మిద్దె మీద పెట్టేరు, 44 డిగ్రీల ఎండకు ముందు మాడేది ఆకులో తెల్లగున్న భాగమే.

అసలు ఏడవాల్సింది ఇంకోటి. వేరిగేటెడ్ (ఆకుల్లో రెండు రంగులుండే) మొక్కల్లో చాలావాటికి చిగురు మొనలోనే రెండు రకాల కణాలు పొరలు పొరలుగా ఉంటాయి, పత్రహరితం చేసేవి కొన్ని, చేయలేనివి కొన్ని. ఏదో ఒక మొగ్గ పచ్చ కణాల నుంచి మాత్రమే పుడితే ఆ కొమ్మంతా పచ్చగానే సాగుతుంది. ఇక దానికి ఎంత వెలుతురు పెట్టినా చారలు రావు. ఆకు మొత్తం అన్నం వండుకునే కొమ్మ కాబట్టి, సగం ఆకుతో వండుకునే చారల కొమ్మను ఇట్టే దాటిపోతుంది.

వనపర్తి వాసి

అక్క చెప్పింది చదివాక రాసిన పూరణ:

*కత్తిరింపకుండఁ గాలమ్ము గడపంగఁ*
*గొమ్మ యొకటి పచ్చఁగా మొలిచెను*
*తెల్ల యాకు లన్ని తెరమరు గైపోయె*
*పచ్చనైన మొక్కఁ బట్టి యేడ్చె*

పానగల్లు పంతులు

తమ్ముడూ, 'తెరమరు గైపోయె' అన్న పలుకు నాకు బాగా నచ్చింది, హేతువూ సరైనదే. రెండో పాదం మాత్రం యతి తప్పింది. గొమ్మ-యొకటి-పచ్చఁ-గామొ-లిచెను అని విరిస్తే నాలుగో గణం 'గా'తో మొదలవుతుంది. రెండు చోట్లా గకారమే, హల్లు కలిసింది. కాని 'గొ'లో ఉన్నది ఒకారం, 'గా'లో ఉన్నది ఆకారం. అచ్చు కలవందే యతి కలిసినట్టు కాదు. ఇక్కడా పునరుక్తి ఉంది కనుక ఒక దెబ్బకు రెండూ సరిచేద్దాం:

*గొమ్మ యొకటి వచ్చెఁ గుబురుగాను*

గొ-గు, ఒకారానికి ఉకారం మిత్రమే.

షాద్‌నగర్ సరదా

*నీళ్ళు పోసి పోసి నెలలెన్నొ గడిచాక*
*నిజము తెలిసె నంట నేస్తమునకు*
*ప్లాస్టి కాకు లంట బాగుగాఁ జూడంగ*
*పచ్చనైన మొక్కఁ బట్టి యేడ్చె*

పానగల్లు పంతులు

నవ్వించారు. 'ప్లాస్టిక్ ఆకు' అని విడిగా రాసి ఉంటే 'స్టిక్' గురువై (సాగదీసి పలికే అక్షరమై), గురువు తర్వాత లఘువు ఉండాల్సిన సూర్యగణం చెడేది, సంధి చేసి గట్టెక్కారు. 'గడిచాక', 'అంట' వ్యావహారికం, 'బాగుగాఁ జూడంగ' గ్రాంథికం. రెండూ ఒకే పంక్తిలో భోజనానికి కూర్చున్నాయి. హాస్యం గనుక పోనిస్తున్నా.

నకిరేకల్ నందివర్ధనం

*పసిడి యంచు గల్గు పత్రముఁ దునకలు*
*సేసి నాటె; మొలిచెఁ జిన్ని పిలక;*
*అంచు లేని దగుట నాశలు వమ్మయి*
*పచ్చనైన మొక్కఁ బట్టి యేడ్చె*

మిద్దెతోట

ఇదీ పద్యమంటే! పసుపు అంచుండే స్నేక్ ప్లాంటు కథ కదా? ఆకు ముక్కలు నాటితే వేరూ పడుతుంది, పిలకా వస్తుంది. కాని ఆ పిలక పుట్టేది ఆకు లోపలి పచ్చ కణాల నుంచి, అందుకే అంచు రాదు. అంచు నిలవాలంటే తల్లి కుండీని బోర్లించి, దుంపతో పాటు పిలకను విడదీసి నాటుకోవాలి, వేరే దారి లేదు. "కడియం నుంచి వచ్చిన మొక్కే, మోసం చేసిండ్రు" అని నర్సరీవాళ్ళను తిట్టేటోళ్ళను చూస్తుంటా. వాళ్ళ తప్పేం లేదు.

పానగల్లు పంతులు

'మొలిచెఁ జిన్ని పిలక' దగ్గర ఆశ, మరుసటి పాదంలో దెబ్బ. 'ఆశలు' అన్న మాటకు ముందే ఆ ఆశ మనకు కనిపించింది, అదీ నేర్పు. సే-జి యతి కూడా తడుముకోకుండా పడింది. ఎత్తి చూపడానికి నాకేమీ దొరకలేదు, కొంచెం వెలితిగానే ఉంది.

చండూరు చిలుక

పూరణ కాదు, ప్రశ్న. మా ఇంట్ల స్పైడర్ ప్లాంటుకు చారలు బాగనే ఉన్నయ్ గాని ఆకు కొసలన్నీ మాడుతున్నయ్. అదీ ఏడుపే కదా అక్కా?

మిద్దెతోట

బోరు నీళ్ళు పోస్తున్నావా? ఆ జాతికి ఫ్లోరైడ్ పడదు, మన నల్లగొండ జిల్లా బోర్ల సంగతి నీకు నేను చెప్పాలా! వాన నీళ్ళు పట్టి పోసి చూడు. మాడిన కొసలు మళ్ళీ పచ్చబడవు, కొత్త ఆకులను చూసుకో.

దేవరకొండ రైతుబిడ్డ

సార్లూ, నాకు కుండీల మొక్కలు తెల్వయి. నాకు తెలిసిన ఏడుపు ఇది:

*పత్తి కెరువు మించి బస్తాలు చల్లంగఁ*
*గాయ లేదు, పూత కానరాదు*
*అప్పు దెచ్చినట్టి యాసామి తలవాల్చి*
*పచ్చనైన మొక్కఁ బట్టి యేడ్చె*

పాలమూరు పూదోట

అన్నా, చదివి కాసేపు ఏం రాయబుద్ధి కాలేదు. యూరియా ఎక్కువైతే చేను నల్లబడేంత పచ్చగా, ఏపుగా పెరుగుతది, కాయ పట్టదు. మా దిక్కు కూడా అదే తీరు.

వనపర్తి వాసి

పద్యం మంచిదే. కాని చారలు పోయిన మొక్క గురించి కదా మాట్లాడుతున్నం? చేనులకు పోయిండు అన్న.

పానగల్లు పంతులు

సమస్యలో చారల మాటే లేదు తమ్ముడూ, నర్సరీ ముచ్చట నేను ముందుమాటలో చెప్పుకున్నది. పచ్చగా ఉండడమే నష్టమైన చోటు ఏదైనా సరే. ఇప్పటిదాకా వచ్చిన పూరణల్లో ఎవరు ఏడ్చారో పేరుపెట్టి చెప్పింది ఈయనొక్కడే, మిగతావాళ్ళు అది ఊహకే వదిలేశారు. 'కాయ లేదు, పూత కానరాదు' వరుస తిరగబడింది, పూత తర్వాత కాయ. యతి కోసం అట్ల పడిందనుకుంటాను. పెద్ద దోషం కాదు, వెతుక్కుంటూ పోయే నోట ముందు కాయ మాటే వస్తుంది.

మిద్దెతోట

అందరి పద్యాలకూ వంకలు పెట్టాను గనుక నాదీ ఒకటి. మీ వంతు:

*బలము గల్గు నొక్క పసరాకు చిగురుతోఁ*
*దెల్లవన్నె యాకు తేలిపోవ*
*కణుపు కిందఁ గోయఁ గాంత మఱచి పోయి*
*పచ్చనైన మొక్కఁ బట్టి యేడ్చె*

నకిరేకల్ నందివర్ధనం

ఏ కణుపు కింద అక్కా? కోసేవాళ్ళకు అదే కావాలి.

మిద్దెతోట

మొదటి పచ్చ కణుపుకు కింద, చారలున్న చివరి కణుపుకు పైన. చిన్నగున్నప్పుడే తీసేస్తే తల్లికి నొప్పి తెలియదు. ఇంకొకటి, పూర్తిగా తెల్లగా వచ్చిన కొమ్మను చూసి మురిసి, కోసి విడిగా నాటకండి. పచ్చదనం బొత్తిగా లేనిది తల్లి మీద ఆనుకుని బతుకుతుంది గాని సొంతంగా బతకలేదు.

పానగల్లు పంతులు

'తేలిపోవ' రెండు విధాలా పనిచేసింది. రంగు తేలిపోయింది, పోటీలోనూ తేలిపోయింది. 'బలము గల్గు నొక్క' దగ్గర 'నొక్క' పాదం నింపడానికి వచ్చిన మాటలా ఉంది, ఇంకో పట్టు పట్టండి.

నా మొగ్గు పత్తి పద్యానికే. మొక్కల పూరణల్లో పసిడి అంచు ముందు, అక్క కత్తెర తర్వాత. ఒప్పుకోనివాళ్ళు పోట్లాడొచ్చు, ఆదివారం దాకా ఇక్కడే ఉంటా. వచ్చే వారానికి తేటగీతి పాదం:

*నీళ్ళు లేకుండఁ బెరిగెను నీటి మొక్క*