గెలుపు డబ్బుతో డ్రాగ్ రేసర్ బతకగలడా?

లెక్కల మాస్టారు (చర్చ మొదలుపెట్టినవారు)

ఒక స్నేహితుడితో వారం రోజులుగా వాదన నడుస్తోంది, ఎంతకీ తెగడం లేదు. డ్రాగ్ రేసింగ్ అంటే తిన్నటి ట్రాక్ మీద రెండు కార్లు పక్కపక్కన పరుగెత్తే పోటీ. అమెరికాలో దాన్ని నడిపే సంస్థ ఎన్‌హెచ్ఆర్ఏ. అందులో అన్నిటికన్నా వేగమైన తరగతి టాప్ ఫ్యూయల్. ఆ కార్లు నడిపేవాళ్ళను మనం ప్రొఫెషనల్స్ అంటాం. ప్రొఫెషనల్ అంటే ఆ పని చేసుకుని బతికేవాడే కదా? వీళ్ళు రేసులు గెలిచి బతుకుతున్నారా? బతకడం లేదనే నా వాదన. అందుకే ప్రైజ్ మనీ గట్టిగా పెంచాలంటున్నాను.

2018 సంగతే తీసుకోండి. స్టీవ్ టోరెన్స్ ఆ ఏడాది 11 రేసులు గెలిచాడు. ఛాంపియన్ ఎవరో తేల్చే చివరి ఆరు రేసులూ అతనివే. అప్పట్లో టాప్ ఫ్యూయల్‌లో ఒక రేసు గెలిస్తే సుమారు 50 వేల డాలర్లు, ఛాంపియన్‌కు 5 లక్షలు. మొత్తం కలిపితే పదిన్నర లక్షలు. ఒక కారును సీజన్ పొడుగునా పోటీలో నిలబెట్టాలంటే 30 లక్షల డాలర్ల దాకా అవుతుందని ఆ రంగంలో మామూలుగా చెప్పే లెక్క. అంత గొప్ప సీజన్ ఆడినవాడికే ఖర్చులో మూడో వంతు చేతికొస్తే, ఏడాదికి ఒకటి గెలిచేవాడి పరిస్థితేంటి? టోరెన్స్ కుటుంబానికి టెక్సస్‌లో క్యాప్కో అనే పైప్‌లైన్ కంపెనీ ఉంది కాబట్టి బండి నడిచింది.

పానా

మాస్టారూ, మీ కూడికలో తప్పు లేదు. కానీ ఆ 30 లక్షలు ఎటు పోతాయో దగ్గర నుంచి చూస్తేగానీ తెలియదు. నేను ఒకసారి ఇండియానాపొలిస్‌లో యూఎస్ నేషనల్స్ చూడటానికి వెళ్ళాను. ఎన్‌హెచ్ఆర్ఏలో టికెట్ కొన్న ఎవరైనా పిట్స్‌లోకి, అంటే టీమ్‌లు కార్లు బాగుచేసుకునే చోటికి, వెళ్ళొచ్చు. తాడు కట్టిన దగ్గర నిలబడితే, రెండు మూడు గజాల దూరంలో ఇంజన్ విప్పుతుంటారు.

కారు ట్రాక్ మీద నడిచింది నాలుగు సెకన్లు కూడా లేదు. తిరిగొచ్చీ రాగానే ఏడెనిమిది మంది ఒక్కసారిగా మీద పడ్డారు. ఒకరు సూపర్‌చార్జర్, ఇద్దరు సిలిండర్ హెడ్లు, కింద పడుకున్నతను బేరింగులు, వెనక ఒకరు క్లచ్. ఇంకా కాలుతున్న ఆయిల్‌ను పళ్ళెంలోకి వదిలారు. తీసిన స్పార్క్ ప్లగ్గులు 16, వరసగా ఒక ట్రేలో పెట్టారు. వాటిలో నాలుగైదింటికి చివర మొన లేదు, కరిగిపోయింది. మెకానిక్‌ల పెద్ద, క్రూ చీఫ్, ఒక్కో ప్లగ్గునీ వెలుతురుకి పట్టి చూసి, ఏ సిలిండర్‌కి ఇంధనం ఎంత తగ్గిందో చెబుతున్నాడు. గంటలోపే కొత్త పిస్టన్లు, రాడ్లు, క్లచ్ ప్లేట్లు పడి ఇంజన్ మళ్ళీ మొదలైంది. ఈ కార్ల ఇంధనం నైట్రోమీథేన్, దాని పొగకి నా కళ్ళ వెంట నీళ్ళు ధారకట్టాయి, అయినా కదల్లేకపోయాను.

ఇదంతా ఒక్క పరుగుకి. క్వాలిఫయింగ్‌తో కలిపి ఫైనల్ దాకా వెళ్తే వారాంతంలో ఏడెనిమిది సార్లు ఇలా విప్పి బిగించాలి. ఒక్కో పరుగుకి డజను గ్యాలన్ల పైనే ఇంధనం. వెనక టైర్లు కొన్ని పరుగులకే అయిపోతాయి. ఇంజన్ పేలి ట్రాక్ మీద ఆయిల్ పోస్తే పాయింట్లు కోత, పైన జరిమానా. కాబట్టి గెలిచే కొద్దీ ఖర్చు కూడా పెరుగుతుంది. మొదటి రౌండ్‌లో ఓడినవాడి ఇంజన్ ఆ రోజుకి పెట్టెలో పడుకుంటుంది, గెలిచినవాడిది ఇంకో మూడుసార్లు కాలుతుంది.

చివరి వరుస

ఇద్దరూ చెప్పింది నిజమే, కానీ మాస్టారు పెట్టిన ప్రశ్నే నాకు సరిగ్గా అనిపించడం లేదు. డ్రాగ్ రేసింగ్‌లో సంపాదన ఎప్పుడూ గెలుపు డబ్బు మీద నిలబడలేదు. 1960లలో పేరున్న రేసర్లని ట్రాక్ యజమానులు మ్యాచ్ రేసులకి బుక్ చేసుకునేవాళ్ళు. వచ్చి కారు నడిపితే చాలు, ముందే మాట్లాడుకున్న డబ్బు చేతిలో పెట్టేవాళ్ళు. 1970లో డాన్ ప్రుదోమ్, టామ్ మెక్‌యువెన్ పిల్లల బొమ్మల కంపెనీ మాటెల్ దగ్గరికి వెళ్ళి హాట్ వీల్స్ పేరుతో స్పాన్సర్‌షిప్ తెచ్చుకున్నారు. కార్లతో సంబంధం లేని పెద్ద కంపెనీ ఈ ఆటలోకి రావడం అక్కడి నుంచే.

జాన్ ఫోర్స్‌ని చూడండి. ట్రక్కులు నడుపుకునే మనిషి, 16 ఛాంపియన్‌షిప్‌లు. ఆయన అసలు ప్రతిభ స్టీరింగ్ దగ్గర ఎంతో, మైకు ముందూ అంతే. 2014తో ఆయన స్పాన్సర్లు క్యాస్ట్రాల్, ఫోర్డ్ రెండూ వెళ్ళిపోయాయి. ఇంకొకరైతే టీమ్ మూసేసేవాళ్ళు. ఆయన పీక్ కంపెనీని తెచ్చుకుని నిలబెట్టాడు. స్పాన్సర్ అతిథులను పిట్స్‌లోకి తీసుకురావడం, వాళ్ళతో ఫొటోలు దిగడం, గంటల తరబడి నిలబడి సంతకాలు పెట్టడం కూడా రేసర్ ఉద్యోగమే. అది భిక్ష కాదు.

లెక్కల మాస్టారు

భిక్ష అని నేనెక్కడా అనలేదండీ. అది కష్టపడి సంపాదించినదే. కానీ మీ మాటకి నా దగ్గర ఒకే ఒక్క జవాబు ఉంది, టోనీ షూమాకర్. టాప్ ఫ్యూయల్‌లో ఎనిమిది సార్లు ఛాంపియన్. 2018 చివర్లో యూఎస్ ఆర్మీ స్పాన్సర్‌షిప్ ఆగిపోయింది. 2019లో ఆయనకి కారు లేదు. టీమ్ ఎవరిదో తెలుసు కదా? సొంత తండ్రి డాన్ షూమాకర్‌ది. తండ్రి టీమ్‌లో కూడా స్పాన్సర్ లేకుండా ఎనిమిది సార్లు ఛాంపియన్‌కి సీటు దొరకలేదు. చాలా ఆటల్లో బాగా ఆడేవాడికి ఆడే చోటు ఎలాగోలా ఉంటుంది. ఇక్కడ ఎంత బాగా నడిపావన్న దానికన్నా కారు పక్కన ఎవరి పేరుందన్నదే తేలుస్తోంది. నాకు బాధగా ఉన్నది అక్కడే.

ప్రైజ్ మనీ పెంచడం కుదరదని ఎవరైనా అన్నా నేను ఒప్పుకోను. 2024 ఫిబ్రవరిలో ఫ్లోరిడాలోని బ్రాడెంటన్‌లో రేసర్ల సంఘమే సొంతంగా పోటీ పెట్టుకుని టాప్ ఫ్యూయల్ విజేతకి రెండున్నర లక్షల డాలర్లు ఇచ్చింది. డగ్ కలిట్టా గెలిచాడు.

చివరి వరుస

ఒక వారాంతం పండగ చేసుకోవడం వేరు, ఏడాదికి ఇరవై రేసులకి అలా ఇవ్వడం వేరు. పైగా డగ్ కలిట్టా టీమ్ వెనక కలిట్టా ఎయిర్ కార్గో విమానాలు ఉన్నాయి. ఆ రెండున్నర లక్షలు లేకపోయినా ఆ టీమ్ మూతపడదు. ప్రైజ్ పెరిగితే ముందు లాభపడేది అలాంటి పెద్ద టీమ్‌లే, ఎక్కువగా గెలిచేది వాళ్ళే కాబట్టి.

బ్రాకెట్ బండి

మీరందరూ నైట్రోమీథేన్ కార్ల దగ్గరే ఆగిపోయారు. గెలుపు డబ్బుతో నిజంగా బతికే డ్రాగ్ రేసర్లు బ్రాకెట్ రేసింగ్‌లో ఉన్నారు, టీవీలో కనిపించరంతే. ఇక్కడ తన కారు ఎంత సమయంలో వెళ్తుందో రేసర్ ముందే అద్దం మీద రాసుకుంటాడు. నెమ్మది కారు ముందు బయల్దేరుతుంది, వేగం కారు తేడా సమయం ఆగి బయల్దేరుతుంది. రాసిన దానికన్నా వేగంగా వెళ్తే ఓటమి. కాబట్టి వేగం కొనుక్కోవాల్సిన పని లేదు, ప్రతిసారీ ఒకేలా వెళ్ళే కారు, లైటు వెలగగానే కదిలే పాదం ఉంటే చాలు. ఇంజన్ వందల పరుగులు మన్నుతుంది.

1996లో జార్జ్ హోవర్డ్ అలబామాలో మిలియన్ డాలర్ రేస్ మొదలుపెట్టాడు. ఆ తర్వాత పెద్ద ప్రైజులున్న బ్రాకెట్ రేసులు చాలా వచ్చాయి. వాటిని పట్టుకుని దేశమంతా తిరుగుతూ ఇల్లు నడుపుకునేవాళ్ళున్నారు.

అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ ప్రైజ్‌లో పెద్ద భాగం ఎంట్రీ ఫీజుల నుంచే వస్తుంది. ఒకరు గెలిచారంటే కొన్ని వందల మంది పోగొట్టుకున్నారన్నమాట. ఆ టెన్షన్ తట్టుకోలేకే చివరి రౌండ్లకి చేరినవాళ్ళు స్టేజింగ్ లేన్లలో, అంటే తమ వంతు కోసం కార్లు నిలిపే వరసల్లో, మాట్లాడుకుని డబ్బు పంచుకుంటారు. ఎవరు గెలిచినా ఇంత ఇంత అని ముందే ఒప్పందం. బయటివాళ్ళకి అది మోసంలా కనిపించొచ్చు, నాకు మాత్రం న్యాయంగానే అనిపిస్తుంది. మర్నాడు డీజిల్ పోయించుకుని ఇంటికెళ్ళాలి కదా.

పానా

ప్రో స్టాక్ అనే మరో తరగతిలో ఇంకో దారి కూడా ఉంది. ఎలైట్ మోటార్‌స్పోర్ట్స్ లాంటి టీమ్‌లు సొంతంగా ఇంజన్లు తయారుచేసి, తమతో పోటీపడే వాళ్ళకే అద్దెకిస్తాయి. అంటే మీ పక్క లేన్‌లో ఉన్నవాడు మీ ఇంజన్‌తోనే మిమ్మల్ని ఓడించొచ్చు, అద్దె మాత్రం మీకొస్తుంది. కార్ల మీద వరసగా అంటించే చిన్న చిన్న స్టిక్కర్లు కూడా అలంకారం కాదు. ఆ కంపెనీ సరుకు వాడి, స్టిక్కర్ పెట్టుకుని గెలిస్తే ఆ కంపెనీ విడిగా డబ్బిస్తుంది. సరుకు వాడి స్టిక్కర్ మర్చిపోతే ఏమీ రాదు.

లెక్కల మాస్టారు

చివరి వరుస గారు అన్న ఒక మాట ఆలోచనలో పడేసింది, ప్రైజ్ పెరిగితే పెద్ద టీమ్‌కే మేలన్నది. నిజమే, విజేత వాటా పెంచమనడం నా తప్పు. నా వాదన ఇలా మార్చుకుంటున్నాను. ఆదివారం అసలు పోటీకి వెళ్ళే 16 కార్ల జాబితాలో చోటు సంపాదించిన ప్రతి టీమ్‌కీ, మొదటి రౌండ్‌లోనే ఓడినా సరే, ఆ వారాంతం విరిగిన సామాను ఖర్చయినా వెనక్కి రావాలి. పానా గారు చూసిన ఆ ట్రేలో మొన కరిగిన ప్లగ్గులున్నాయే, కనీసం వాటికి, ఆ పిస్టన్లకి, ఆ క్లచ్ ప్లేట్లకి సరిపడా. జీతాలకీ ట్రక్కులకీ స్పాన్సర్‌ని వెతుక్కోమనండి, అభ్యంతరం లేదు.

చివరి వరుస

ఇది ఒప్పుకుంటానండీ. 2019లో అలాంటి ఏర్పాటు ఉన్నా టోనీ షూమాకర్‌కి పూర్తి సీజన్ దొరికేది కాదేమో, కానీ నాలుగైదు రేసులకైనా వచ్చి ఉండేవాడు.