ఉవారు చేపలు ట్యాంక్‌లో మొక్కలన్నీ తినేస్తున్నాయి, రోజూ ఏం పెట్టాలి?

ప్రశ్న:
నమస్తే అండి. 400 లీటర్ల ట్యాంక్‌లో ఐదు ఉవారు పిల్లల్ని పెంచుతున్నాను. వాలిస్నేరియా మొక్కల్ని మొదళ్ల దాకా కొరికేశాయి, అమెజాన్ స్వోర్డ్ మొక్కకి ఆకుల ఈనెలే మిగిలాయి. ఆకలేమో అని పెల్లెట్లు ఎక్కువ వేస్తే అవీ తింటున్నాయి, మొక్కలూ తింటున్నాయి. వీటి దగ్గర బతికే మొక్క ఏదైనా ఉందా? బీఫ్ హార్ట్ (పశువు గుండె మాంసం) పెడితే త్వరగా పెరుగుతాయని ఒకరు చెప్పారు, పెట్టొచ్చా?

జవాబు 1:
ఆకలి కాదండీ, వాటి అసలు తిండే అది. మొక్కల్ని అలంకారం కోసం కాకుండా మేతగా వేయడం మొదలుపెడితే మీ టెన్షన్ సగం పోతుంది. వేరే టబ్‌లో లైటు కింద డక్‌వీడ్, హార్న్‌వర్ట్ లాంటి నీటి మొక్కలు పెంచి రోజూ గుప్పెడు వేయండి, ట్యాంక్‌లో మాత్రం చెక్క దుంగలు, రాళ్లు పెట్టుకోండి. పాలకూర, లెట్యూస్, జుకినీ ముక్కలు వేడినీళ్లలో ఒక నిమిషం ఉంచి మెత్తబడ్డాక వేస్తే మునుగుతాయి, బఠాణీ అయితే తొక్క తీసి వేయాలి. ఒకే ఆకు రోజూ వద్దు, మారుస్తూ ఉండండి. కొన్ని గంటల తర్వాత మిగిలింది తీసేయడం మర్చిపోవద్దు. వీటికి తోడు స్పిరులినా (ఒక రకం నాచు) ఉన్న పెల్లెట్లు, ఒకేసారి కాకుండా రెండు మూడు సార్లుగా కొంచెం కొంచెం.
బీఫ్ హార్ట్ మాత్రం దయచేసి వద్దు. ఆకులు అరిగించుకునే పొడవాటి పేగు వాటిది, జంతువుల కొవ్వు అందులో సరిగ్గా అరగదు. అలాగని పిల్లలకి ప్రొటీన్ అసలే ఇవ్వకపోతే ఎదుగుదల తగ్గుతుంది, అందుకే అప్పుడప్పుడు కొంచెం రొయ్య, మైసిస్ (రొయ్యలాంటి చిన్న జీవులు) లాంటివి పెట్టండి.

జవాబు 2:
పైన చెప్పినదాంతో చాలావరకు ఏకీభవిస్తాను, కానీ మొక్కలు పూర్తిగా వదిలేయమనను. అనుబియాస్, జావా ఫెర్న్ ఆకులు గట్టిగా ఉంటాయి, నా దగ్గరున్న సెవెరమ్‌ చేపలు (ఇవీ మొక్కలు తినేవే) వాటిని రుచి చూసి వదిలేశాయి. ఉవారులు సెవెరమ్‌ల కంటే మొండివి కాబట్టి ముందు ఒక చిన్న మొక్క దుంగకి కట్టి చూడండి.
నా అసలు భయం మీ నీళ్ల గురించి. ఇంత ఆకు తినే చేప అంత వ్యర్థమూ వదులుతుంది, ఆకు ముక్కలు ఫిల్టర్ నోట్లో ఇరుక్కుని నీటి ప్రవాహం పడిపోతుంది, నైట్రేట్ (వ్యర్థాల వల్ల నీళ్లలో చేరే రసాయనం) పెరుగుతుంది. అలాంటి నీళ్లలో ఉంచితే తల మీద గుంటలు పడే జబ్బు రావొచ్చు. ఫిల్టర్ స్పాంజి తరచూ కడగండి, వారానికి సగం నీళ్లు మార్చండి, వేడి 27 నుంచి 30 డిగ్రీల మధ్య ఉండాలి. పెద్దయ్యాక ఒక్కోటి 25 సెంటీమీటర్లు దాటుతుంది, ఐదింటికి 400 లీటర్లు చాలవు. ఇప్పటినుంచే పెద్ద ట్యాంక్ గురించి ఆలోచించండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అండి. బీఫ్ హార్ట్ మాట వదిలేశాను. కొన్న ఆకుకూరలకి మందు కొట్టి ఉంటే ప్రమాదం కదా?

జవాబు 3:
ఉంటుంది. రెండు మూడు నీళ్లలో బాగా కడగండి, అనుమానం ఉన్న కట్ట వేయకండి. షాపులో కొన్న నీటి మొక్కలకీ పురుగుమందు తగిలి ఉండొచ్చు, వాటిని కొన్ని రోజులు విడిగా బకెట్‌లో ఉంచి, నీళ్లు మారుస్తూ తర్వాత వేయండి. ఇంకొకటి, చేప తిండి మానేసి తెల్లటి దారంలా మలం వదులుతుంటే మేత ఆపి ముందు నీళ్లు టెస్ట్ చేయండి.