సమస్యాపూరణం: “వ్రేలు తెగినంత నాదము వెల్లివిరిసె”

నిర్వాహకుడు: ఈసారి సమస్య తేటగీతి పాదం. వస్తువు బ్లాక్ సబ్బాత్ అనే ఆంగ్ల రాక్ సంగీత బృందం 1970 ఫిబ్రవరి 13న వెలువరించిన తొలి ఆల్బమ్. గిటారు వాదకుడు టోనీ అయోమీది ఎడమచేతి వాటం. 17 ఏళ్ల వయసులో, బర్మింగ్‌హామ్‌లోని రేకుల కర్మాగారంలో కొలువు విడుస్తున్న రోజునే, తంతులను అదిమిపట్టే కుడిచేతి నడిమి వ్రేలి కొన, ఉంగరపు వ్రేలి కొన యంత్రంలో పడి తెగిపోయాయి. తెగినవి రెండు వ్రేళ్ళే అయినా, సమస్యలోని ఏకవచనాన్ని జాత్యేకవచనంగా, అంటే ఒక జాతినంతటినీ చెప్పే ఏకవచనంగా, గ్రహించవచ్చు.

మొదటి పూరణ:

ఇనుప రేకులఁ గోసెడి యెడను, టోని
కొనలు గోల్పోయి, తొడుగులఁ గూర్చుకొనుచు
తంతి వదులుగఁ జేయంగఁ దనివిదీర
వ్రేలు తెగినంత నాదము వెల్లివిరిసె

నిర్వాహకుడు: యతులు నిర్దుష్టంగా ఉన్నాయి. కరిగించిన ప్లాస్టిక్ సీసాతో తొడుగులు చేసుకొని, వాటిపై తోలు అతికించుకొని వాయించిన సంగతిని “తొడుగులఁ గూర్చుకొనుచు” అన్న రెండు మాటలలో ఇమిడ్చిన పొదుపు మెచ్చదగినది. అయితే మూడవ పాదంలో కాలదోషం ఉన్నది. తంతులను సడలించి శ్రుతిని బాగా దించడం 1971 నాటి మూడవ ఆల్బమ్‌లో కనబడుతుంది గాని, తొలి ఆల్బమ్‌లో శ్రుతి మామూలుదే. నొప్పి తగ్గడానికి ఆయన మొదట ఆశ్రయించినది సన్నని తంతులను. అందుకోసం బాంజో తంతులను కూడా గిటారుకు బిగించుకొన్నాడు. కనుక “తంతి సన్ననిదానినిఁ దగులఁజేయ” అంటే గణాలూ యతీ చెడవు, చరిత్రా నిలుస్తుంది.

రెండవ పూరణ:

వాన, యురుములు, దూరాన వచ్చు గంట;
మూడె స్వరముల బరువును మోయు గీతి;
ఒక్క దినమునఁ జేసిరి యొద్దికగను;
వ్రేలు తెగినంత నాదము వెల్లివిరిసె

మరొక సభ్యుడు: మొదటి రెండు పాదాలు చదువుతుంటే ఆల్బమ్ ఆరంభం చెవిలో మ్రోగింది. కాని నాలుగవ పాదం పిలవని పేరంటానికి వచ్చినట్లున్నది. వ్రేలికీ వానకీ సంబంధమేమిటి?

నిర్వాహకుడు: ఆక్షేపణ సమంజసమే. 1969 అక్టోబరులో నిర్మాత రాడ్జర్ బెయిన్ పర్యవేక్షణలో, లండన్‌లో ఒక్క రోజులో, దాదాపు కచేరీ చేసినట్లే వాయించి ముగించారన్నది నిజం. వాన, గంట తరువాత చేర్చినవి. వర్ణన చక్కనిది, కాని విరోధ పరిహారం, అంటే సమస్యలో పొసగనట్లు తోచే మాటకు పొందిక, లేనిదే పూరణ పూర్తి కాదు.

మూడవ పూరణ:

రెండు వ్రేళ్ళనె వాయించు రీతి వినఁగ,
జాంగొ గీతమ్ము, విరిగిన జవము నిలిచె;
తగిన తొడుగులు దొడిగిన తరుణమందు
వ్రేలు తెగినంత నాదము వెల్లివిరిసె

నిర్వాహకుడు: సంగీతం ఇక లేదనుకొన్న టోనీకి కర్మాగారపు అధికారి జాంగో రైన్‌హార్ట్ రికార్డు వినిపించాడు. అగ్నిప్రమాదంలో చేయి కాలి, రెండు వ్రేళ్ళతోనే తంతులదిమిన వాద్యకారుడాయన. గాయం నాదాన్ని పుట్టించలేదు, గాయాన్ని దాటే ఉపాయం పుట్టించింది. ఆ హేతువును పట్టుకొన్న పూరణ ఇదొక్కటే. వస్తువైన ఆల్బమ్ ఊసు మాత్రం ఎక్కడా లేదు.

పూరణకర్త: మూడవ పాదాన్ని “తొలుత వెలువడ్డ యాల్బమ్మె తూర్యమగుచు” అని మార్చవచ్చునా?

నిర్వాహకుడు: ఛందస్సుకు అభ్యంతరం లేదు, వస్తువూ వచ్చింది. కాని తొడుగులు పోయాయి. సర్వలఘువుల ఆ నడక “తరుణ” దాకా సాగడం నాకు ఎంతో నచ్చింది. పాత పాదాన్నే ఉంచండి.